తలైవర్ వీపు మీద ఇనిషియల్

ఎన్నికల తేదీ ప్రకటించిన మరునాటి నుంచే మా ఆఫీసులో గుడ్డల గోల మొదలవుతుంది. రోడ్ల కూడళ్ళలో నిలబడ్డ నాయకులందరికీ, ఓట్ల పండగ ముగిసేదాకా, ముఖం కనబడకుండా ముసుగు కట్టాలి. తాలూకా ఆఫీసులో నాది కాంట్రాక్టు ఉద్యోగం, కంప్యూటర్ ముందు కూచునే పని. ఈసారి మనుషులు చాలక నన్నూ జీపెక్కించారు. చేతికొక ఫారం ఇచ్చారు. విగ్రహం ఎవరిది, ఎక్కడుంది, ఎవరు పెట్టారు, గుడ్డ కట్టారా లేదా. చివర్లో 'కురిప్పు' అని ఒక గడి, ఇంకేమైనా చెప్పాల్సి ఉంటే రాయడానికి. ఆ గడి ఎవరూ నింపరు.

తిరుత్తణి నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఏడు విగ్రహాలు కట్టాం. ఎండకు జీపు సీటు కాలుతోంది. ఎనిమిదోది తిరువళ్ళూరు రోడ్డు మలుపులో ఉన్న, అందరూ పెద్దాయన అని పిలిచే పార్టీ నాయకుడిది. అది వస్తుందని నాకు పొద్దున్నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేను ఆఫీసులో మాట్లాడే మనిషిని కాను. చెప్పాల్సినవన్నీ ఇంటికెళ్ళి డైరీలో తెలుగులో రాసుకుంటాను. మా ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరు, అందుకని భయం లేదు. ఆ అక్షరాలు నాకు నేర్పింది మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న. మలుపులో ఉన్న ఆ విగ్రహం చేసిందీ ఆయనే.

జీపు ఆగింది. మాతో వచ్చిన మునిసిపాలిటీ అక్క నిచ్చెన దింపి దిమ్మెకు ఆనించింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ సారు టీ కొట్టు నీడలోకి పోయారు. నేను ఫారం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రోడ్డు మీద దుమ్ములో నుంచి ఎక్కడిదో తడి సిమెంటు వాసన వచ్చింది. పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు. ఆ వాసనతో నేను నాలుగో తరగతి వేసవి సెలవుల్లోకి పోయాను.

మా తాత గుడి గోపురాల మీద బొమ్మలు చేసేవాడు. ఆ పనే తాత వాళ్ళకు ఇంటిపేరయింది, బొమ్మల వాళ్ళు. పాత గోపురాలు బాగుచేసేటప్పుడు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి నూరేవారు. తాత ఇంటి వెనక పందిట్లో రెండు తొట్లు ఉండేవి, ఒకటి బెల్లానిది, ఒకటి కరక్కాయది. సెలవుల్లో నా పని బెల్లం తొట్టిలో వేలు ముంచి నాకడం. ఒకసారి తాత తొట్లు మార్చి పెట్టాడు. దోసిలి నిండా ముంచి తాగాను. నాలుక మూడు పూటలు గరుకు పట్టింది. అవ్వ సద్దన్నంలో మజ్జిగ పోసి ఇస్తే దాని రుచి కూడా తెలియలేదు.

"ఏం మే, బెల్లం తియ్యగా ఉండిందా?" అని తాత నవ్వినాడు.

ఆ వేసవిలోనే పార్టీ సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. పెద్దాయన పోయి ఏడాదవుతోంది, మలుపులో ఆయన సిలై, అంటే విగ్రహం, పెట్టాలి, చాతీ దాకా ఉంటే చాలు అన్నాడు. వయసులో మా తాతకంటే చాలా చిన్న, అందుకేనేమో కుర్చీ మీద కూచోకుండా పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక క్యాలెండర్ కాగితం చుట్టచుట్టి తెచ్చాడు. అందులో పెద్దాయన చేతులు జోడించి నవ్వుతున్నాడు.

"నేను మనిషి బొమ్మ ఎప్పుడూ చెయ్యలేదు నాయనా," అన్నాడు తాత.

"దేవుడ్నే చేసినావు, మనిషిని చెయ్యలేవా అయ్యా?"

తాత వారం రోజులు చెరువు మట్టి తొక్కించి, పిసికి, మొహం నిలబెట్టాడు. సెక్రటరీ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, మా తలైవర్‌ని కొండెక్కించినావే! చేతికొక వేల్ ఇస్తే సరిపాయె. కావడి ఎత్తుకోని మేమే వస్తాం."

నిజమే. సగం మూసిన కళ్ళు, బారు చెవులు, పెదవి చివర చిన్న నవ్వు. క్యాలెండర్‌లో మనిషి మీసం ఒక్కటే అందులో ఉంది, మిగతాదంతా కొండ మీద వేల్ అనే బల్లెం పట్టుకున్న మురుగన్, మన సుబ్రహ్మణ్యస్వామి. తాత చేతికి ఆ కొలతలే తెలుసు. నుదురు ఇంత, ముక్కు ఇంత, గడ్డం ఇంత అని వేళ్ళతో కొలిచి పెట్టుకుంటూ పోతే మొహం ఎటు తిప్పినా దేవుడే వచ్చేవాడు. ఆయన మూడుసార్లు చెరిపి మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ దేవుడే.

"యాభై ఏండ్లుగా దేవుండ్ల మొహాలే చూసినాడు," అంది అవ్వ, సంగటి కెలుకుతూ. "నా మొహం ఎట్లుంటాదో కండ్లు మూసుకోని చెప్పమను చూద్దాం."

తాత నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు. "ముక్కు కొంచెం కుడి పక్కకు పోతాది," అన్నాడు.

అవ్వ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాతో మాత్రం, "చూసినావా మే, తెలుసు ఆయనకు," అని గొణిగింది.

ఒక పొద్దున తాత నన్ను తీసుకుని తిరువళ్ళూరు బస్సెక్కాడు. అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుంటే పెద్దాయన ఊరు. అవ్వ సంచిలో మామిడికాయలు పెట్టి ఇచ్చింది. బస్సంతా మల్లెపూల వాసన, డీజిలు వాసన. పెద్దాయన ఇల్లంటే మేడ అనుకున్నాను. పెంకుటిల్లు. వసారాలో ఆయన భార్య కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. మాకు కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ ఇచ్చింది.

"ఆయన మొహం ఎట్లుండెనో చెప్పమ్మా," అని అడిగాడు తాత.

"మైకు ముందర ఎట్లుండెనో నాకేం తెలుసయ్యా? నేను ఒక్క మీటింగుకూ పోలేదు. ఇంటికొచ్చే మొహం తెలుసు." ఆమె గింజలు తియ్యడం ఆపలేదు. "చెప్పులు ఇడిచి ఇదో, ఈ గడప మీద కూచునేవాడు. కండ్ల కింద ఇట్ల సంచులు. నోరు ఒక పక్కకు జారిపోయేది. ఇంక మాట్లాడలేనే అనేవాడు. రోజూ అదే మాట."

"తెలుగులోనా?" అని నేను అడిగేశాను. పెద్దాయన తమిళంలో మాట్లాడితే మూడు ఊళ్ళకు వినబడేదని అందరూ చెప్పుకునేవాళ్ళు.

"ఇంట్లో ఇంకేం మాట్లాడతాడు పాపా?" అని ఆమె నవ్వింది. నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు తాత బస్సు కిటికీ పక్కన కూచుని తన కంటి కింద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగుతూ, వదులుతూ వచ్చాడు. ముందు సీటామె తిరిగి తిరిగి చూసింది. నేను సిగ్గుతో పుస్తకం తెరిచి ముఖం దాచుకున్నాను.

నాలుగో మొహంలో దేవుడు రాలేదు. కొలతలు మానేసి, తాత బొటనవేలితో కళ్ళ కింద మట్టిని నొక్కి దించాడు. మనిషి అలసిపోయి గడప మీద కూచున్నట్టే ఉంది. సెక్రటరీ వచ్చాడు. ఈసారి చుట్టూ తిరగలేదు.

"నిద్రలేని మొహం పెట్టినావే అయ్యా," అన్నాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎలక్షన్ టైములో కారులో ఇట్లనే కూచునేవారు. నేను పక్కనే ఉండేవాణ్ణి." ఇంకేమీ మార్చమని అడగలేదు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "వెనకాల నీ పేరు ఏసుకో అయ్యా. తమిళంలో ఏసుకో. తెలుగులో ఏస్తే మావాళ్ళు ఊరుకోరు, బార్డరు ఊరు," అన్నాడు.

"పేరా? నాదా?" అన్నాడు తాత.

ఆయన ఎన్ని గోపురాల మీద పని చేశాడో నాకు తెలియదు. ఎక్కడా పేరు లేదు. దేవుడి బొమ్మకు పేరు పెట్టరు. ఆ మాట విన్నాక రెండు రోజులు మట్టి తడిగుడ్డ కిందే ఉంది, తాత దాని జోలికి పోలేదు. మూడో రోజు స్నానం చేసి, చొక్కా కూడా వేసుకుని వచ్చి నన్ను పిలిచాడు. ఆయనకు తమిళం మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. నాకు బడిలో అంతా తమిళమే.

"పాపా, నా పేరు రాయి. బాగా రాయల్ల, కుదురుగా," అని చెక్కిన వెదురుపుల్ల చేతికిచ్చాడు.

ఇక్కడ నా బడి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో నోటుపుస్తకం అట్ట మీద నా పేరు ముందు మా ఇంటిపేరు అక్షరం రాసుకున్నాను. టీచరు అందరి ముందూ లేపి నిలబెట్టింది. ఇంటిపేరు పెట్టుకోవడం ఆంధ్రావాళ్ళ అలవాటు, ఇక్కడ ఇనిషియల్ అంటే నాన్న పేరులో మొదటి అక్షరం అని చెప్పి, వందసార్లు రాయించింది. నేను నిలబడి ఏడ్చాను. ఆ పాఠం ఇక మరిచిపోయేది కాదు.

అందుకని తాత పేరు రాసేముందు అవ్వ దగ్గరికి పోయి తాత వాళ్ళ నాయన పేరేమిటని అడిగి వచ్చాను. ఆ పేరు 'గో'తో మొదలవుతుంది. తమిళంలో గోకూ కోకూ ఒకటే అక్షరం. తడిమట్టి వీపు మీద, మెడ కింద, నాలుక బయటపెట్టి, 'కో' అని రాసి చుక్క పెట్టి, తాత పేరు రాశాను. ఆ పేరు మా పక్క వాకిలికొకరికి ఉంటుంది.

"ముందర అదేందో ఒక అక్షరం?" అన్నాడు తాత.

"ఇనిషియల్ తాతా. అది లేకుండా పేరు రాయకూడదు."

"బాగుండాది," అన్నాడు. ఎంతో నచ్చినట్టు వంగి చూశాడు. అది తన ఇంటిపేరే అనుకున్నాడని నాకు తోచలేదు.

తరువాత ప్లాస్టర్ అచ్చు తీశారు. అచ్చులో నా అక్షరాలు తిరగబడి కనబడితే భయపడి పందిరి వెనక దాక్కున్నాను. సిమెంటు పోసి అచ్చు పగలగొట్టేసరికి అవి మళ్ళీ సరిగ్గా వచ్చాయి. అప్పుడు నేను పడ్డ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తప్పు కూడా అంతే కుదురుగా వచ్చిందని ఎవరికీ తెలియదు.

కళ్ళు మాత్రం తాత అప్పటిదాకా ఖాళీగా వదిలేశాడు. దేవుడి బొమ్మకు కన్ను తెరిచేది చివర్న. ఆ రోజు ఒక్కపొద్దుండాలి. తెరిచేటప్పుడు ఎదురుగా ఆవునో, ధాన్యాన్నో, ఆడపిల్లనో ఉంచాలి. ఆ కళ్ళు మొదట చూసేది మంచిదై ఉండాలని. మనిషి బొమ్మకు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. తాత ఒక్కపొద్దు ఉన్నాడు.

"బిర్యానీ తినే ఆయనకు నువ్వు ఒక్కపొద్దేందయ్యా?" అంది అవ్వ.

"చెయ్యి వినదు," అన్నాడు తాత.

పొద్దున్నే నన్ను స్టూలు మీద విగ్రహానికి ఎదురుగా కూచోబెట్టాడు. కదలొద్దన్నాడు. తలకు నూనె పెట్టి, పావడా కట్టి ఉన్నాను. చిన్న ఉలితో టక్ టక్ మని కొడుతూ కంటిపాప చెక్కాడు. సిమెంటు పొడి నా ముక్కుకు తగిలింది, తుమ్ము ఆపుకున్నాను. ఎడమ కన్ను, తరువాత కుడి కన్ను. ఉన్నట్టుండి ఆ అలసిన మనిషి నన్ను చూశాడు. నేను చూపు దించుకున్నాను. ఎవరు చూసినా దించుకుంటాను, ఇప్పటికీ.

తిరప్పు విళా, అంటే విగ్రహం తెర తీసే పండగ, ఆనాడు మలుపంతా జెండాలు. పేపరు కప్పుల్లో రస్నా పంచారు, నేను రెండు తాగాను. తాతను మూడో వరసలో కుర్చీ వేసి కూచోబెట్టారు. దిమ్మెకున్న కల్వెట్టు మీద, అంటే నల్లరాతి పలక మీద, తెరిచినవాళ్ళ పేరు, అధ్యక్షత వహించినవాళ్ళ పేరు, చందా ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. చేసినవాడి పేరు వెనక ఉందని సెక్రటరీ మైకు పట్టుకున్న మనిషికి చెప్పాడట. ఆ మనిషి పొరుగూరివాడు. తెర తీసి, చప్పట్లయ్యాక, వెనక్కి పోయి చదువుకుని వచ్చాడు.

"ఈ సిలైని చేసిన కలైజ్ఞర్, కో..." అని, కళాకారుడన్న మాట ముందు పెట్టి, ఇనిషియల్‌తో సహా పేరు పిలిచాడు.

తాత లేచాడు. సగం లేచాడు. రెండు చేతులూ కుర్చీ మీదే ఉన్నాయి. అప్పటికే ముందు వరసలో ఇంకొకతను లేచి నడుస్తున్నాడు. ఆ దిమ్మె కట్టిన మేస్త్రి. పేరు అదే, ఇనిషియల్ కూడా అదే. వాళ్ళ నాన్న పేరు కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. గోలలో పేరొక్కటే విని, తనను దిమ్మె కట్టినందుకు పిలిచారనే అనుకున్నాడు పాపం. ఊళ్ళో అందరికీ ఆ ఇనిషియల్ అంటే అతనే. పొన్నాడై, సన్మానం శాలువా, కప్పారు. ఫోటో తీశారు. సెక్రటరీ అప్పుడు రోడ్డు మీద పెద్దవాళ్ళ కార్లు పంపించే పనిలో ఉన్నాడు.

తాత కూచున్నాడు. నా వైపు వంగి, "కో ఏంది మే?" అన్నాడు మెల్లగా.

"మీ నాయన పేరు తాతా. బడిలో అట్లనే రాయమన్నారు."

"ఔను గదా," అన్నాడు. "మా నాయన పేరే గదా అది." నాకు ఇంకో రస్నా తెచ్చిపెట్టాడు. నేను తాగలేకపోయాను.

మరునాడు మేస్త్రి ఆ పొన్నాడైని పేపర్లో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అయ్యా, ఇది మీది. నాకు తరువాత తెలిసింది," అన్నాడు. "పిలిచింది నీ ఇనిషియలే నాయనా. కప్పినదాన్ని ఎట్ల తీసుకునేది?" అని తాత కాఫీ ఇచ్చి పంపాడు. అతను మంచివాడే. కానీ విగ్రహం చూసినవాళ్ళు వెనక పేరు చదివి అతన్నే వెతుక్కుంటూ పోయారు. మొదట్లో నేను కాదండీ అని చెప్పేవాడట. ఎన్నిసార్లని చెబుతాడు? తరువాత ఎక్కడినుంచో పనివాళ్ళను పెట్టుకుని చేయించి ఇవ్వడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల కూడళ్ళలో ఉన్న చాలా విగ్రహాలు అతని పేరు మీదే ఉన్నాయి. అందరూ చెయ్యి పైకెత్తి నవ్వుతుంటారు.

"ఉలి తీసుకోని పోయి ఆ ఒక్క అక్షరం చెక్కేసి రారాదా?" అని అవ్వ ఎన్నోసార్లు అంది. అరగంట పని. తాత పోలేదు. ఒకసారి మాత్రం, "దేవుడి బొమ్మకైతే అడగనే అడగం. మనిషి బొమ్మ గదా అని ఆశపడితిని," అన్నాడు. ఇంకోసారి, "పాప రాసిన రాత, చెక్కితే పెచ్చు లేస్తాది," అన్నాడు. రెంటిలో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మనిషి బొమ్మ ఇంకొకటి చెయ్యలేదు. నన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆయన పోయాక ఆ మలుపు దగ్గర బస్సులో వచ్చినప్పుడల్లా రెండో పక్క కిటికీలోకి చూస్తూ వచ్చాను.

"ఏమ్మా, రాసుకో," అన్నారు ఇన్‌స్పెక్టర్ సారు తమిళంలో, టీ గ్లాసు పట్టుకుని విగ్రహం వెనక్కి పోయి. "వెనకాల ఏదో పేరుంది. చేసినవాడిదో, పెట్టినవాడిదో. కురిప్పులో వెయ్యి." ఇనిషియల్‌తో సహా బిగ్గరగా చదివారు, ఆనాటి మైకు మనిషి చదివినట్టే.

నేను రాశాను. చెమటకు కాగితం వేళ్ళకు అంటుకుంటోంది. సారు వచ్చి నా భుజం మీదుగా చూశారు.

"అక్కడ 'కో' అనుంది కదా. నువ్వు 'పొ' అని వేశావేం?" తాత ఇంటిపేరు బొమ్మలలోని బొకు తమిళంలో ఆ అక్షరమే రాయాలి.

"అక్కడ తప్పు రాశారు సార్."

"తప్పని నీకెలా తెలుసు?"

జవాబు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇంకో నిమిషం పడితే ఏమిలే అనుకున్నాను. కానీ సారు ఎదురుచూస్తున్నారు, నిచ్చెన మీద అక్క కూడా గుడ్డ పట్టుకుని కిందికి చూస్తోంది.

"రాసింది నేనే సార్. ఈ సిలై చేసింది మా తాత."

గొంతు నాకే కొత్తగా వినబడింది. సారు టీ గ్లాసు దిమ్మె మీద పెట్టారు. విగ్రహం ముందుకు పోయి, తల ఎత్తి, మొదటిసారి దాని మొహం చూశారు. "అలసిపోయినట్టున్నాడు," అన్నారు. ఫారం వెనక్కి ఇచ్చారు. "సరే, ఉండనీ."

ఆ ఫారం ఒక కట్టలోకి పోతుంది, కట్ట బీరువాలోకి పోతుంది. మళ్ళీ ఎవరూ చదవరు. ఆ సంగతి నాకు తెలుసు. సిమెంటు మీద 'కో' అలాగే ఉంటుంది.

"పాపా, కట్టేదా?" అని పైనుంచి అక్క అడిగింది.

"ఒక్క నిమిషం అక్కా," అన్నాను.

ముందుకు వచ్చి, ఆనాడు స్టూలు వేసినంత దూరంలో నిలబడ్డాను. రంగు అక్కడక్కడ లేచిపోయింది. కళ్ళ కింద తాత బొటనవేలి నొక్కు అలాగే ఉంది. ఈసారి చూపు దించుకోలేదు. తరువాత అక్కకు తల ఊపాను. ఆమె తెల్లగుడ్డ దులిపి తల మీదుగా వేసి, మెడ దగ్గర తాడు చుట్టింది.